బడి పిల్లలు చనిపోయిన మర్నాడు బడిలో ఏం చేయాలి

రాత్రి తొమ్మిదింటికో పదింటికో ఫోన్ వస్తుంది. ఫలానా మలుపు దగ్గర ఆటో బోల్తా పడిందట, మన పిల్లలేనట. ఆ తర్వాత గంటసేపు స్టాఫ్ గ్రూపులో వచ్చేవి రెండే రకాల మెసేజ్‌లు, నిజమేనా సార్ అని ఒకటి, రేపు సెలవా మేడం అని ఒకటి. సెలవు గురించి అడిగారని ఎవరినీ తప్పుపట్టకండి. ఏం చేయాలో పాలుపోనప్పుడు అలవాటైన ప్రశ్నే నోటికొస్తుంది. నేనూ అదే అడిగాను.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో టీచర్ని, ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఈ ఇరవై రెండేళ్ళలో మా బడి రెండుసార్లు పిల్లల్ని పోగొట్టుకుంది, ఒకసారి ఆటో ప్రమాదంలో, ఇంకోసారి చెరువులో. మొదటిసారి మేం మూడు రోజులు సెలవిచ్చాం, నాలుగో రోజు అసెంబ్లీలో రెండు నిమిషాలు మౌనం పాటించాం, బెల్లు కొట్టి లెక్కల పుస్తకాలు తీయమన్నాం. పిల్లలకి గుర్తు చేయకుండా ఉంటేనే మంచిదని నిజంగా నమ్మాం. నెల తర్వాత ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర నిలబడి, "సార్, వాళ్ళ పేర్లు ఎవ్వరూ ఎందుకు తీయట్లేదు, మేమేమన్నా తప్పు చేశామా?" అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ రాసేదంతా ఆ ప్రశ్న తర్వాత చదివి, డాక్టర్లని అడిగి, రెండోసారి చేసి చూసి తెలుసుకున్నదే. మీరు హెచ్‌ఎం కావచ్చు, క్లాస్ టీచర్ కావచ్చు, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో ఉన్న తల్లో తండ్రో కావచ్చు. ఈ అవసరం మీకు ఎప్పుడూ రాకూడదు. వస్తే మాత్రం ఆ రోజు కూర్చుని చదివే తీరిక ఉండదు, అందుకే ఇప్పుడే చదివి పెట్టుకోండి.

ఆ రాత్రి చేయాల్సినవి

ముందు నిజం నిర్ధారించుకోండి. కుటుంబం నుంచో, పోలీసుల నుంచో, ఆసుపత్రి నుంచో వచ్చిన మాట తప్ప ఇంకేదీ నమ్మకండి. ఒకే క్లాసులో ఇద్దరు సాయిలు, ముగ్గురు అఖిలలు ఉండే ఊళ్ళు మనవి, పేరు ఒకటే అయినందుకు బతికున్న పిల్ల ఇంటి ముందు జనం చేరిన సందర్భాలు ఉంటాయి. హెచ్‌ఎం స్వయంగా ఆ ఇంటికి ఫోన్ చేయాలి, లేదా ఆ ఊళ్ళో ఉండే టీచర్ని పంపాలి.

తెలియగానే గ్రూపులో పెట్టకండి. మొదట క్లాస్ టీచర్‌కి ఫోన్ చేసి చెప్పండి. ఆ పిల్లాడిని మూడేళ్ళు చూసిన మనిషి టీవీ స్క్రోలింగ్‌లో చదివి తెలుసుకోవడం చాలా అన్యాయం.

తర్వాత ఒక కాగితం తీసుకుని పేర్లు రాయండి. చనిపోయిన పిల్లల క్లాసు, ఒకే ఆటోలో ఒకే బస్సులో వచ్చేవాళ్ళు, ఒకే వీధి వాళ్ళు, అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు. మన ఊళ్ళలో సగం బడి చుట్టాలే కదా, బాబాయి కొడుకులు, మేనత్త కూతుళ్ళు ఎవరెవరున్నారో కూడా రాయండి. ఈ జాబితాలో మనం మర్చిపోయే పేరు ఒకటుంటుంది, ఆ రోజు ఎక్కాల్సి ఉండి ఎక్కని పిల్లాడు. జ్వరం వచ్చి ఆగిపోయినవాడు, ఆలస్యమై సైకిల్ మీద వచ్చినవాడు, కిటికీ సీటు కోసం పొద్దున్నే ఆ పిల్లలతో గొడవపడి వేరే ఆటో ఎక్కినవాడు. ఒంటి మీద గీత కూడా పడలేదు కాబట్టి వాడిని ఎవరూ పట్టించుకోరు, కానీ అందరికంటే ఎక్కువగా కనిపెట్టుకుని ఉండాల్సింది వాడినే.

ఇంకో సంగతి. చావు ఒక బడికి చెందింది అనుకుంటాం గానీ అది ఆ బడి గోడల దగ్గర ఆగదు. 2014 జులై 24న, తెలంగాణ వచ్చి రెండు నెలలు కూడా కాకముందు, మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని రైల్వే గేటు దాటుతున్న స్కూలు బస్సుని నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొట్టింది. బస్సు తూప్రాన్‌లోని ఒక ప్రైవేటు బడిది, అందులో ఉన్నది చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు. అలాంటప్పుడు చనిపోయిన పిల్లల తమ్ముళ్ళు ఊళ్ళోని సర్కారు బడిలో ఉంటారు, చెల్లెళ్ళు అంగన్‌వాడీలో ఉంటారు, ఆడుకునే నేస్తాలు ఇంకో కాన్వెంటులో ఉంటారు. కాబట్టి ఆ రాత్రే మీ మండలంలోని మిగతా హెడ్మాస్టర్లకి, అంగన్‌వాడీ టీచర్లకి ఒక మాట చేరవేయండి, రేపు మీ దగ్గర ఫలానా పిల్లని కాస్త చూసుకోండి అని.

తల్లిదండ్రుల గ్రూపులో పెట్టే మెసేజ్ చిన్నగా, సూటిగా ఉండాలి. ఇలా రాయొచ్చు: "మన బడిలో ఏడో తరగతి చదువుతున్న ఫలానా బాబు ఈ రోజు సాయంత్రం రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. రేపు పొద్దున ప్రతి క్లాసులో టీచర్లు పిల్లలకి ఈ విషయం చెప్తారు. ఇంట్లో ముందుగా మీరే చెప్తే ఇంకా మంచిది. ప్రమాదం ఫోటోలు, వీడియోలు పిల్లల కంట పడనీయకండి, ఎవరికీ పంపకండి." పేరు రాసేముందు ఆ కుటుంబాన్ని అడగండి. కొవ్వొత్తి బొమ్మలు, ఏడుపు మొహం గుర్తులు అక్కర్లేదు.

సెలవు ఇవ్వాలా

అంత్యక్రియల రోజు ఇవ్వండి, అంతకంటే ఎక్కువ వద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. సెలవిస్తే పిల్లలు ఏం చేస్తారో ఆలోచించండి, అమ్మానాన్నలు కూలికి పోతారు, పిల్లలు ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఫోన్లో ఆ ప్రమాదం వీడియో పదిసార్లు చూస్తారు, లేదా అరుగుల మీద పెద్దవాళ్ళు చెప్పుకునే రక్తపు వివరాలన్నీ వింటారు. బడి తెరిచి ఉంటే కనీసం తోటి పిల్లలుంటారు, తెలిసిన గంట మోగుతుంది, మధ్యాహ్నం వేడన్నం ఉంటుంది. బాధలో ఉన్న పిల్లలకి అలవాటైన రోజు పెద్ద ఆసరా. పాఠం చెప్పకపోయినా ఫర్వాలేదు, బడి మాత్రం తెరవండి. ఆ వారంలో స్లిప్ టెస్టులుంటే వాయిదా వేయండి, డీఈఓ ఆఫీసు నుంచి వచ్చిన టైంటేబుల్ పరీక్ష అయితే ఆ క్లాసు వరకైనా వెసులుబాటు అడగండి.

పిల్లలు రావడానికి ఒక గంట ముందు టీచర్లందరూ కూర్చోవాలి. వంట చేసే అక్కలు, ఆయా, వాచ్‌మన్, బస్సు డ్రైవర్లు కూడా ఉండాలి. పిల్లలు టీచర్‌ని అడగని ప్రశ్నలు ఆయమ్మని అడుగుతారు, అందరి నోటా ఒకే మాట రావాలి. టీచర్లలో ఎవరికైనా ఈ రోజు క్లాసులో నిలబడి చెప్పే ధైర్యం లేకపోతే బలవంతం చేయకండి. ఇంకొకరు తోడు వెళ్ళండి.

ఎలా చెప్పాలి

అసెంబ్లీ మైకులో చెప్పకండి. నాలుగొందల మంది పిల్లలు ఎండలో వరసల్లో నిలబడి వింటుంటే ఒకరు ఏడుస్తారు, పక్కన పది మంది ఏడుస్తారు, ఇద్దరు కళ్ళు తిరిగి పడిపోతారు, ఎవరిని పట్టుకోవాలో తెలియదు. ఎవరి క్లాసులో వాళ్ళు, తలుపు దగ్గరికి వేసి, పిల్లలకి దగ్గరగా కూర్చుని చెప్పండి. వీలైతే అన్ని క్లాసుల్లో ఒకే సమయానికి.

మాట విషయంలో మనం చాలా తప్పులు చేస్తాం. తెలుగులో చావుకి మెత్తటి మాటలు బోలెడున్నాయి, పోయాడు, వెళ్ళిపోయాడు, కాలం చేశాడు, దేవుడి దగ్గరికి వెళ్ళాడు, శాశ్వత నిద్రలోకి జారుకున్నాడు. పెద్దవాళ్ళకి ఇవి అర్థమవుతాయి. ఒకటో తరగతి పిల్లకి "పోయాడు" అంటే ఎక్కడికి పోయాడు, ఎప్పుడొస్తాడు అనే ప్రశ్నే వస్తుంది. నిద్రపోయాడు అంటే ఆ రాత్రి తను పడుకోవడానికి భయపడుతుంది. మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకుపోతాడు అంటే, నేను మంచిగా ఉంటే నన్నూ తీసుకుపోతాడా అని లోలోపల వణికిపోతుంది. "చనిపోయాడు" అనండి. ఆ మాట గొంతులో అడ్డం పడుతుంది, నాకు తెలుసు. అయినా అదే చెప్పండి.

చిన్న పిల్లలకైతే ఇంత సులువుగా: "మన రాము నిన్న ప్రమాదంలో చనిపోయాడు. చనిపోవడం అంటే శరీరం పనిచేయడం ఆగిపోవడం. ఊపిరి ఉండదు, నొప్పి ఉండదు, ఆకలి ఉండదు. రాము మళ్ళీ బడికి రాడు. మనందరికీ బాధగా ఉంది. ఏడుపొస్తే ఏడవొచ్చు, రాకపోయినా తప్పు లేదు." అంతే. తర్వాత ఆగండి. పిల్లలు మాట్లాడతారు. కొందరు అసలు సంబంధం లేకుండా మా కుక్కపిల్ల కూడా చనిపోయింది సార్ అంటారు, కసురుకోకండి, చావుని అర్థం చేసుకోవడానికి వాళ్ళకి తెలిసిన దారి అదే. పది నిమిషాలు ఏడ్చి పదకొండో నిమిషంలో కబడ్డీ ఆడటానికి పోతారు, అప్పుడు కూడా కసురుకోకండి. పిల్లల దుఃఖం వచ్చి పోతూ ఉంటుంది, పెద్దవాళ్ళలా రోజంతా మోయలేరు.

హైస్కూలు పిల్లలకి ఏం జరిగిందో ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వాళ్ళు అప్పటికే ఫోన్లో అన్నీ చూసేసి ఉంటారు, అందులో సగం అబద్ధాలుంటాయి. తెలిసింది తెలిసినట్టు చెప్పండి, తెలియనిది ఇంకా తెలియలేదనండి. మగపిల్లలు వెనక బెంచీల్లో నవ్వుతూ కనిపించొచ్చు. ఒకసారి నేను అలా నవ్విన వాడిని నిలబెట్టి తిట్టాను, వాడు చనిపోయిన పిల్లాడికి ప్రాణ స్నేహితుడని తర్వాత తెలిసింది. ఏడవలేక నవ్విన నవ్వది. ఆ తిట్టు నేను వెనక్కి తీసుకోలేను, మీరు ఆ పని చేయకండి. మగాడివి ఏడుస్తావేంట్రా అన్న మాట ఆ వారం బడి ఆవరణలో వినబడకూడదు.

ప్రతి క్లాసులోనూ ఒకరో ఇద్దరో ఇది నా వల్లే జరిగింది అనుకుంటూ ఉంటారు. చిన్నపిల్లలకి తమ మాటకి, ఆలోచనకి పెద్ద శక్తి ఉందని నమ్మకం. వాడు నా పెన్సిల్ తీసుకున్నాడు, నువ్వు చచ్చిపో అన్నాను, చచ్చిపోయాడు. ఇది ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి మోసే పిల్లలుంటారు. వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే అందరికీ చెప్పండి: "కోపంలో అన్న మాట వల్ల ఎవరూ చనిపోరు. గొడవ పడినందువల్ల, సీటు ఇవ్వనందువల్ల ఇది జరగలేదు." ఈ రెండు వాక్యాలు తప్పకుండా చెప్పండి, మిగతావన్నీ మర్చిపోయినా సరే.

ఒకటి మాత్రం చేయకండి. ప్రమాదంలో ఉండి బతికిన పిల్లల్ని కూర్చోబెట్టి ఏం చూశావో మొత్తం చెప్పు, చెప్తే తేలికవుతుంది అని అడగకండి. ఇలా ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంటుంది. అదే సంస్థ 2011లో మరో రెండు సంస్థలతో కలిసి తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిలో ఉన్నది మూడే పనులు, చూడటం, వినటం, కలపటం. ఎవరికి అవసరముందో చూడాలి, చెప్తే వినాలి, అవసరమైన సాయంతో కలపాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, ఓపిక కావాలి. పిల్లాడు చెప్పాలనుకుంటే అడ్డురాకుండా వినండి, చెప్పకపోతే పక్కన కూర్చోండి. చిన్న పిల్లలకి రంగుపెన్సిళ్ళు, కాగితాలు ఇవ్వండి, ఏం గీయాలో చెప్పకండి.

హాజరు పట్టీ, ఖాళీ బెంచీ

దీని గురించి ఎవరూ రాయరు గానీ క్లాసులో అన్నిటికంటే కష్టమైన నిమిషం ఇదే. అలవాటుగా పేర్లు పిలుస్తుంటాం, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది దగ్గరికొచ్చేసరికి నోట్లోంచి పేరు వచ్చేస్తుంది, ఎవరూ పలకరు. మొదటిసారి నాకు అలాగే జరిగింది. నేను పట్టీ మూసేసి బయటికి వచ్చేశాను, ఆ పిల్లలు ఇరవై నిమిషాలు పెద్దదిక్కు లేకుండా కూర్చున్నారు.

కాబట్టి ముందే నిర్ణయించుకోండి. ఆ రోజు హాజరు తీసే ముందే చెప్పండి: "పంతొమ్మిదో నంబర్ మన రాముది. ఈ రోజు ఆ పేరు పిలుస్తాను, మనందరం ఒక్క క్షణం వాడిని తలుచుకుందాం. రేపటి నుంచి పిలవను, కానీ ఈ ఏడాది ఆ నంబర్ ఇంకెవరికీ ఇవ్వను." రికార్డుల్లో పేరు తీయాల్సింది తీయాలి, అది ఆఫీసు పని, దాన్ని నిదానంగా చేసుకోవచ్చు. మర్నాడే ఎర్ర ఇంకుతో పేరు మీద గీత కొట్టి ఆ పట్టీని క్లాసు టేబుల్ మీద పెట్టకండి. పిల్లలు తొంగి చూస్తారు.

బెంచీ కూడా అంతే. మర్నాటికే దాన్ని తీసేస్తే వాడిని చెరిపేసినట్టు ఉంటుంది, ఏడాదంతా పూలదండతో ఖాళీగా ఉంచితే పక్కన కూర్చునేవాళ్ళకి ఊపిరాడదు. పిల్లల్నే అడగండి. చెరువు ప్రమాదం తర్వాత మా తొమ్మిదో తరగతి పిల్లలు వారం రోజులు ఖాళీగా ఉంచుదాం, తర్వాత మొత్తం క్లాసు సీట్లు మార్చుకుందాం అన్నారు. నాకు ఆ ఆలోచన తట్టనే లేదు. బ్యాగు, టిఫిన్ డబ్బా, నోటు పుస్తకాలు బడిలో ఉండిపోతే స్టోర్‌రూంలో పడేయకండి, గుడ్డ సంచిలో పెట్టి క్లాస్ టీచర్ దగ్గర భద్రంగా ఉంచండి. పదో రోజు తర్వాత, ఆ అమ్మని అడిగి, మీరే తీసుకెళ్ళి చేతికివ్వండి. కొందరు తల్లులు ఇప్పుడే వద్దంటారు, అయితే ఉంచండి.

పరామర్శ, దినాలు, తిరిగొచ్చే తోబుట్టువులు

పిల్లల్ని అంత్యక్రియలకి తీసుకెళ్ళాలా అంటే, వెళ్తానన్న పిల్లల్ని వాళ్ళ పెద్దవాళ్ళు తోడుంటే వెళ్ళనివ్వండి, అక్కడ ఏం కనిపిస్తుందో ముందే చెప్పండి, వద్దన్నవాళ్ళని పిరికివాళ్ళు అనకండి. యూనిఫాం వేయించి మొత్తం బడిని వరసగా నడిపించడం నాకు ఇష్టం ఉండదు. అది చాలాసార్లు ఫోటోల కోసం జరుగుతుంది.

టీచర్లు మాత్రం ఇంటికి వెళ్ళాలి. ఒకేసారి ఇరవై మంది కాకుండా ఇద్దరు ముగ్గురుగా, ఒక్కరోజుతో ఆపకుండా. అక్కడ ఏం మాట్లాడాలి అని భయపడతాం. ఏమీ అక్కర్లేదు. విధిరాత అమ్మా, ఇంకో బిడ్డ ఉన్నాడు కదా, ధైర్యంగా ఉండు లాంటివి అనకండి. వాడు క్లాసులో ఎలా ఉండేవాడో చెప్పండి. మీ బాబు సైన్సు రికార్డులో బొమ్మలు ఎంత బాగా వేసేవాడో తెలుసా అమ్మా అంటే ఆ తల్లి ఏడుస్తుంది, మీరు ఏడిపించామనుకుంటారు, కాదు, ఆమె బిడ్డ గురించి తనకి తెలియని కొత్త సంగతి మీరు ఇచ్చారు. పెద్దకర్మకి వెళ్ళండి, ముస్లిం కుటుంబమైతే నలభయ్యో రోజున, క్రైస్తవులైతే జ్ఞాపకార్థ కూడికకి. ఎవరి పద్ధతి ఏమిటో ముందే అడిగి తెలుసుకోండి. ఎక్స్‌గ్రేషియా, ఇన్సూరెన్స్ కాగితాలకి స్టడీ సర్టిఫికెట్ కావాల్సి వస్తే ఆ నాన్నని మూడుసార్లు తిప్పకుండా మీరే తయారుచేసి ఇంటికి పట్టుకెళ్ళండి.

చనిపోయిన పిల్లాడి చెల్లెలు పదకొండో రోజు తర్వాత బడికి వస్తుంది. ఆ పొద్దున ఎవరో ఒకరు గేటు దగ్గర ఉండాలి. ముందురోజు క్లాసు పిల్లలకి చెప్పండి: చుట్టూ చేరి ఎలా చనిపోయాడు అని అడగొద్దు, చూసి మొహం తిప్పుకోవద్దు, పక్కన చోటివ్వండి, ఆడుకుందాం రమ్మనండి. మైల అనీ, అరిష్టమనీ పక్కన కూర్చోనివ్వని పిల్లలు ఉంటారు, అది ఇంట్లో విన్న మాటే, మెల్లగా సరిచేయండి. ఆ పాపకి ఒక అనుమతి ఇవ్వండి, తట్టుకోలేనప్పుడు అడగకుండా లేచి ఫలానా మేడం దగ్గరికి వెళ్ళి కూర్చోవచ్చని. మా బడిలో ఆ అమ్మాయి లైబ్రరీ గదికి వెళ్ళి కూర్చునేది, మొదట రోజుకి మూడుసార్లు, దసరా సెలవుల తర్వాత వారానికి ఒకసారి.

మైకులు, ఫోటోలు, తప్పెవరిది

టీవీ వాళ్ళని గేటు లోపలికి రానివ్వకండి. ఏడుస్తున్న పిల్లాడి ముందు మైకు పెట్టి నీ ఫ్రెండ్ చనిపోయాడు కదా ఎలా అనిపిస్తోంది అని అడిగే హక్కు ఎవరికీ లేదు. హెచ్‌ఎం ఒక్కరే మాట్లాడాలి, గేటు బయట, రెండు మాటలు. నాయకులు పరామర్శకి వస్తే మర్యాదగా కూర్చోబెట్టండి, పిల్లల్ని వరసలో నిలబెట్టకండి. ఫ్లెక్సీ పెట్టాలంటే కుటుంబాన్ని అడిగి పెట్టండి.

తప్పెవరిది అన్న మాట రెండో రోజు నుంచీ మొదలవుతుంది. డ్రైవర్ ఫోన్ మాట్లాడాడట, యాజమాన్యం ఫిట్‌నెస్ చేయించలేదట. కొన్ని నిజాలే అవుతాయి, విచారణ జరగాలి, జరిగేదాకా పట్టుబట్టాలి కూడా. కానీ ఆ డ్రైవర్ పిల్లలు మీ బడిలోనే చదువుతుండొచ్చు. వాళ్ళు కూడా నాన్నని పోగొట్టుకుని ఉండొచ్చు, పైగా వాళ్ళకి ఏడ్చే హక్కు కూడా ఊరు ఇవ్వదు. ఆ పిల్లల కోసం ఒక టీచర్‌ని ప్రత్యేకంగా పెట్టండి. మీ నాన్నే చంపాడు అన్న మాట వాళ్ళ చెవిన పడకుండా చూడటం మీ బాధ్యత, పడితే పక్కన నిలబడటం కూడా.

మళ్ళీ ఇలా జరుగుతుందా అని పిల్లలు అడిగితే, జరగదు అని ఒట్టు పెట్టకండి. ఏం మార్చామో చూపించండి. దేశంలో బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని రైల్వే గేట్లన్నిటినీ 2019 జనవరికల్లా తీసేశారు. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో బడి వంటగది నిప్పు పూరికప్పుకి అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయాక ఆ రాష్ట్రంలో బడుల మీద పూరికప్పులు తీయించారు, ఆ దుర్ఘటన మీద వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2009లో బడుల్లో అగ్నిప్రమాద భద్రత తప్పనిసరి చేసింది. మీ స్థాయిలో అది ఆటోలో ఎంతమంది ఎక్కాలో కమిటీలో తీర్మానం చేయడం కావచ్చు, చెరువు గట్టున కంచె వేయించడం కావచ్చు. చెరువు దగ్గర బోర్డు మా పదో తరగతి పిల్లలే రాశారు. ఆ రోజు వాళ్ళ మొహాల్లో చాలా రోజుల తర్వాత కొంచెం ప్రాణం కనబడింది.

చనిపోయింది ఆత్మహత్య వల్ల అయితే కొంత జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎలా చేసుకున్నాడో వివరాలు ఎవరితోనూ మాట్లాడకండి. మార్కులు తక్కువొచ్చి, ప్రేమ విఫలమై అని ఒక్క కారణానికి కట్టేయకండి, అది విన్న ఇంకో పిల్లకి ఆ కారణం ఉంటే ఇదే దారి అనిపిస్తుంది. ధైర్యం చేశాడనీ, ఇప్పుడు ప్రశాంతంగా ఉన్నాడనీ అనకండి, పిరికివాడనీ తిట్టకండి. కుటుంబం చెప్పొద్దంటే కారణం చెప్పకండి, చనిపోయాడని మాత్రం చెప్పండి. సంతాపం మాత్రం ప్రమాదంలో పోయిన పిల్లలకి ఎంత చేస్తారో అంతే చేయండి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. దగ్గరి స్నేహితుల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, నీకు ఎప్పుడైనా చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఆ పిల్లని ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్ళని పిలిపించండి, ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

ఎప్పుడు డాక్టర్ సాయం కావాలి

మొదటి కొన్ని వారాలు కడుపునొప్పి, తలనొప్పి, పక్క తడపడం, పీడకలలు, అమ్మ కొంగు వదలకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం, చిన్నదానికి కొట్టుకోవడం, ఆటల్లో అదే ప్రమాదాన్ని మళ్ళీ మళ్ళీ ఆడటం, ఇవన్నీ ఉంటాయి. చాలామంది పిల్లల్లో తగ్గిపోతాయి. నెల దాటినా తగ్గకపోయినా, పెరుగుతున్నా, పిల్ల తిండి మానేసినా, బడికి రావడం ఆపేసినా, తనని తాను గాయపరుచుకున్నా, చచ్చిపోతా అన్నా ఆలస్యం చేయకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 కి ఎప్పుడైనా, తెలుగులోనే, డబ్బులు లేకుండా మాట్లాడొచ్చు, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన సేవ ఇది. పిల్లలకి ఏ ఆపదైనా 1098 ఉంది. చదువుకునే పిల్లలకి, వాళ్ళ టీచర్లకి, తల్లిదండ్రులకి కేంద్ర విద్యాశాఖ నడిపే మనోదర్పణ్ నంబర్ 8448440632. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు, ఎంఈఓ ద్వారా అడిగితే బడికి రమ్మనొచ్చు. ఈ నంబర్లు నోటీసు బోర్డు మీద, బాత్రూం తలుపు లోపలివైపు కూడా అంటించండి, ఎవరూ చూడకుండా రాసుకునే చోటు అదొక్కటే.

టీచర్ల గురించి ఒక్క మాట. పిల్లల ముందు మీకు ఏడుపొస్తే ఫర్వాలేదు, నాకూ బాధగా ఉంది అని చెప్పండి, దాచుకోనక్కర్లేదు. కానీ పిల్లలే మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తేకండి. సాయంత్రం అందరూ వెళ్ళాక ఓ అరగంట స్టాఫ్‌రూంలో కూర్చుని మాట్లాడుకోండి, కనీసం మొదటి వారం. 14416 మీకు కూడా.

నెల తర్వాత, ఏడాది తర్వాత

పూలదండలు వాడిపోయాక అందరూ మర్చిపోతారు, అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. క్యాలెండర్ తీసుకుని తేదీలు గుర్తుపెట్టుకోండి. ఆ పిల్లాడి పుట్టినరోజు, ఆటల పోటీలు, బతుకమ్మో సంక్రాంతో, వార్షికోత్సవం, పదో తరగతి గ్రూపు ఫోటో. ఆ రోజుల్లో క్లాసు ముభావంగా ఉంటే, పిల్లలు అకారణంగా కొట్లాడుకుంటే కారణం ఇదే కావొచ్చు. మీరే ముందు పేరెత్తండి. ఈ రోజు రాము ఉంటే ఖోఖోలో మన టీమే గెలిచేది కదా అనండి. పిల్లలు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెడతారు, నవ్వుతారు కూడా.

గుర్తుగా ఏదైనా చేయాలనుకుంటే పిల్లల్నీ కుటుంబాన్నీ అడిగి చేయండి, ఒక చెట్టు, లైబ్రరీలో ఒక అర. చెట్టు నాటితే నీళ్ళు పోసే బాధ్యత ఎవరిదో రాసి పెట్టండి. ఆ పేరుతో నాటిన మొక్క వేసవిలో ఎండిపోతే పిల్లలకి రెండో చావు చూసినట్టు ఉంటుంది. కుంభకోణంలో ఇప్పటికీ ఏటా జులై 16న ఆ తల్లిదండ్రులు పిల్లలకి నివాళి అర్పిస్తారు. ఏళ్ళు గడిచాయి కదా అని మనం అనుకుంటాం, వాళ్ళకి గడవవు. సంవత్సరీకం వచ్చేముందు ఆ ఇంటికి ఫోన్ చేసి, బడిలో ఏం చేస్తే మీకు బాగుంటుంది అని అడగండి. ఏమీ వద్దంటే ఏమీ చేయకండి.

ఆ బ్యాచ్ పదో తరగతి ఫలితాలు వచ్చే రోజు ఒకటుంటుంది. అందరి ఇళ్ళల్లో స్వీట్లు పంచుతుంటారు, ఆ ఒక్క ఇంట్లో తలుపు దగ్గరికి వేసి ఉంటుంది. ఆ సాయంత్రం వెళ్ళండి. మార్కుల గురించి మాట్లాడొద్దు. టీ ఇస్తారు, తాగండి, కాసేపు కూర్చోండి.